ఈ రొయ్య ఏ చెరువుది? బ్లాక్‌చెయిన్‌తో ఆహార భద్రత జాడ పట్టడానికి అంచెలవారీ మార్గదర్శి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనిచేసే ఎవరినడిగినా ఒక టెన్షన్ గురించి చెబుతారు. సరుకు ఓడ ఎక్కి, యూరప్‌లో దిగి, అక్కడ శాంపిల్ తీశాక ‘యాంటీబయోటిక్ అవశేషం దొరికింది’ అని మెయిల్ రావడం. మన దేశపు ఆక్వా సరుకులో తనిఖీ చేసే వాటాను యూరోపియన్ యూనియన్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. 2022 నవంబరు చివర్లో హద్దులు ఇంకా బిగించింది. ఇప్పుడు కిలో రొయ్యలో క్లోరాంఫెనికాల్ 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు 0.5 మైక్రోగ్రాములు దాటితే చర్య తప్పదు. వంద కోట్ల భాగాల్లో ఒక్క భాగం కూడా కాదన్నమాట.

ఆ మెయిల్ వచ్చిన రోజు ప్లాంట్ మేనేజరు చెప్పాల్సిన జవాబులు రెండు. ఆ కార్టన్లలో ఏయే చెరువుల రొయ్య ఉంది? అవే చెరువుల రొయ్య ఇంకా ఏయే కార్టన్లలోకి వెళ్లింది? మొదటిది వెనక్కి వెతకడం, రెండోది ముందుకు వెతకడం. బ్లాక్‌చెయిన్ (అందరూ కలిసి ఉంచుకునే, ఎవరూ ఒంటరిగా మార్చలేని కంప్యూటర్ రికార్డు) పెట్టినా, పుస్తకంలో రాసుకున్నా, ఈ రెంటికీ జవాబు రాకపోతే ఆ వ్యవస్థ దండగ.

2019లో వాల్‌మార్ట్ మన ఆంధ్ర రొయ్యను అమెరికాలోని కొన్ని తన సామ్స్ క్లబ్ స్టోర్ల దాకా బ్లాక్‌చెయిన్ మీద జాడ పట్టే ప్రయోగం చేసింది. ఐబీఎం టెక్నాలజీ, ఇక్కడి నుంచి సంధ్య ఆక్వా సరుకు. కాబట్టి ఇది మనకు కొత్త ఊసేమీ కాదు. ఒక మధ్యతరహా ఎగుమతి ప్లాంటు ఇలాంటిది మొదలుపెట్టాలంటే ఏ వరసలో వెళ్లాలో కింద రాస్తున్నాను. మిర్చికీ, పసుపుకీ, మామిడికీ అసలు నమూనా ఇదే. చెరువు స్థానంలో పొలం వస్తుంది.

1. ముందు, బ్లాక్‌చెయిన్ అవసరమా అని తేల్చుకోండి

సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ అంచెను దాటేస్తారు. మీరు దాటకండి. రొయ్య పిల్లలిచ్చే హ్యాచరీ, చెరువులు, ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ అన్నీ మీవే అయితే మామూలు డేటాబేస్ చాలు. అందరూ నమ్మే ఒక ప్రభుత్వ సంస్థ మధ్యలో కూర్చుని రికార్డులు ఉంచుతున్నా అంతే. యూరప్‌కు వెళ్లే ద్రాక్ష కోసం కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా నడిపే గ్రేప్‌నెట్ తోట స్థాయి దాకా జాడ చెబుతుంది. బ్లాక్‌చెయిన్ తర్వాత చేర్చారు గానీ, చాలా ఏళ్లు అది లేకుండానే ఆ పని చేసింది.

బ్లాక్‌చెయిన్ పనికొచ్చే పరిస్థితి వేరు. హ్యాచరీ వాళ్ల పుస్తకం రైతు నమ్మడు, రైతు మాట ప్లాంటు నమ్మదు, ప్లాంటు కాగితం బయ్యర్ నమ్మడు. పైగా సమస్య వచ్చాక పాత తేదీలతో రికార్డులు దిద్దుతారేమోనని అందరికీ అనుమానం. ఇలాంటి చోట ఎవరూ ఒంటరిగా మార్చలేని ఉమ్మడి రికార్డు కావాలి. బ్లాక్‌చెయిన్ ఇచ్చేది అదొక్కటే. రాసింది నిజమో కాదో అది చెప్పదు. అబద్ధం రాస్తే ఆ అబద్ధాన్నే చెక్కుచెదరకుండా కాపాడుతుంది. అందుకే ఇక్కడి నుంచి ఎక్కువ భాగం కంప్యూటర్ గురించి కాక చెరువుగట్టు గురించి, ప్లాంటు లోపలి పని గురించి ఉంటుంది.

2. సరుకు నిజంగా వెళ్లే దారి గీయండి

ఆఫీసులో కూర్చుని గీస్తే దారి తిన్నగా వస్తుంది: హ్యాచరీ, చెరువు, ప్లాంటు, కంటైనర్, పోర్టు. ఒక పట్టుబడి (చెరువు నుంచి రొయ్య తీయడం) వెంట స్వయంగా వెళ్లి చూస్తే అసలు మలుపులు తెలుస్తాయి. ఏజెంటు ఒకే బండిలో రెండు మూడు చెరువుల సరుకు వేసుకుంటాడు. ఐస్ ఎక్కడో ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. ప్లాంటులో పని ఎక్కువైతే కొంత సరుకు బయట పొట్టు తీసే పీలింగ్ షెడ్డుకు వెళ్లి తిరిగొస్తుంది. కాగితం మీద కనబడని ఈ షెడ్డు దగ్గరే చాలాసార్లు జాడ తెగుతుంది.

సరుకు చేతులు మారే ప్రతి చోటా, రూపం మారే ప్రతి చోటా ఒక గుర్తు పెట్టండి. సీడ్ (రొయ్య పిల్లలు) వేయడం, పట్టుబడి, బండికెక్కించడం, ప్లాంటులో దింపడం, గ్రేడింగ్, తల తీయడం లేదా పీలింగ్, ఫ్రీజింగ్, కార్టన్ ప్యాకింగ్, కంటైనర్ లోడింగ్. మీ వ్యవస్థ నమోదు చేయాల్సిన ఘటనలు ఇవే. అంతకంటే ఎక్కువ పెడితే రాసేవాళ్లకు విసుగు, తక్కువైతే మధ్యలో ఖాళీ.

3. రైతుకు కాదు, చెరువుకు నంబరివ్వండి

రైతు పేరు మీద నమోదు చేయడం చాలామంది చేసే పని. ఒక రైతుకు ఆరు చెరువులుండొచ్చు. మందు పడింది ఒక్కదాంట్లోనే కావచ్చు. పైగా మన దగ్గర లీజు చెరువులు ఎక్కువ, ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు ఇంకొకరు. కాబట్టి చెరువు నంబరు శాశ్వతంగా ఉండాలి, సాగు చేసే మనిషి మారుతుండాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరుకు చెరువు సంఖ్య, సంవత్సరం, పంట సంఖ్య కలిపితే ‘పంట కోడ్’ తయారవుతుంది. చెరువు నాలుగు మూలల జీపీఎస్ ఒక్కసారి తీసి పెట్టుకోండి.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తెచ్చిన జాడ నిబంధనలోనూ ఇదే ఆలోచన ఉంది. ఆక్వా ఫారమ్ అయితే మ్యాపులో ప్రతి చెరువునూ, ట్యాంకునూ పేరుతో, అక్షాంశ రేఖాంశాలతో చూపించమంటుంది. రొయ్య ఆ నిబంధన జాబితాలో ఉంది. అమలు గడువును 2028 జులై 20కి జరిపారు. ఆ నిబంధన బ్లాక్‌చెయిన్ వాడమని ఎక్కడా అనదు. రికార్డులు అడిగిన 24 గంటల్లో ఇవ్వాలంటుంది, అంతే.

ప్లాంటు నుంచి బయటికి వెళ్లే కార్టన్లకూ ప్యాలెట్లకూ సొంత కోడ్‌లు కనిపెట్టకండి. బార్‌కోడ్‌ల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ జీఎస్1 కోడ్‌లు వాడితే అవతలి బయ్యర్ సాఫ్ట్‌వేర్ వాటిని నేరుగా చదువుకుంటుంది. ఘటనలు రాయడానికి కూడా జీఎస్1 వాళ్ల ఈపీసీఐఎస్ అనే ప్రమాణం ఉంది. రేపు సాఫ్ట్‌వేర్ మార్చినా డేటా మీతో వస్తుంది.

4. చెరువు దగ్గర ఏం రాయాలి

తక్కువ రాయించండి, కానీ పనికొచ్చేది రాయించండి. సీడ్ ఏ హ్యాచరీది, ఏ బ్యాచ్, ఎన్ని పిల్లలు. బిల్లులో లేని బోనస్ సీడ్ కూడా ఈ లెక్కలోకి రావాలి. ఎందుకో ఐదో అంచెలో తెలుస్తుంది. మేత లాట్ నంబర్లు. ఇక చెరువులో పోసిన ప్రతి మందు, ప్రోబయోటిక్, మినరల్ ప్యాకెట్ ఫొటో, బ్యాచ్ నంబరు కనిపించేలా.

ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు. రైతు కావాలని నిషేధిత మందు వాడటం ఒక్కటే సమస్య కాదు. ప్రోబయోటిక్ అని లేబుల్ వేసిన ప్యాకెట్‌లో యాంటీబయోటిక్ కలిసి ఉంటే రైతుకు తెలిసే దారే లేదు. రెండు ఊళ్లలో నాలుగు చెరువులకు పాజిటివ్ వస్తే, ఆ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతకాలి. అదే హ్యాచరీయా, అదే మేతా, అదే మందు డబ్బా బ్యాచ్చా? ఒక్క ప్లాంటు రికార్డుల్లో ఈ జవాబు దొరక్కపోవచ్చు. నాలుగు ప్లాంట్ల రికార్డులు ఒకే చోట ఉంటే నిమిషాల్లో తేలుతుంది. ఉమ్మడి లెడ్జర్ (లెక్కల పుస్తకం) పెట్టడానికి నాకు కనిపించే అతి గట్టి కారణం ఇదే. ప్యాకెట్ మీద క్యూఆర్ స్కాన్ చేస్తే రైతు ఫొటో కనబడటం లాంటివన్నీ దీని ముందు ప్రచారమే.

తర్వాత ల్యాబ్ రిపోర్టు. పట్టుబడికి ముందు తీసే శాంపిల్ పరీక్ష, మన వాళ్లు పీహెచ్‌టీ అనేది, ఈ గొలుసులో అతి విలువైన కాగితం. మోసానికి అతి వీలైనదీ అదే. రిపోర్టు అసలైనదే కావచ్చు, శాంపిల్ పక్క చెరువుది కావచ్చు. కాబట్టి రిపోర్టు పీడీఎఫ్ ఎక్కించి ఊరుకోకండి. శాంపిల్ ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ జీపీఎస్ దగ్గర, సంచి సీల్ నంబరెంత, ల్యాబ్‌లో సీల్ విప్పేటప్పుడు అదే నంబరుందా అన్నవి నమోదు కావాలి. ల్యాబ్ ఫలితాన్ని ల్యాబే తన డిజిటల్ తాళంతో సంతకం చేసి ఎక్కించాలి. రైతో, ఏజెంటో, ప్లాంటో ఎక్కిస్తే దానికి విలువ లేదు.

5. కలిసిపోయే చోట కాపలా పెట్టండి

మొత్తం పనిలో కష్టమైన భాగం ఇది. కార్టన్ల జాడ పట్టడం సులువు, దానికి లేబుల్ ఉంటుంది. రొయ్యకు లేబుల్ అంటించలేం. గ్రేడింగ్ మిషన్ సైజు చూసి విడదీస్తుంది తప్ప చెరువు చూసి కాదు. ఐదు చెరువుల సరుకు ఒకవైపు నుంచి పోస్తే, అవతల ప్రతి సైజులోనూ ఐదు చెరువుల రొయ్యా ఉంటుంది.

రెండు దారులున్నాయి. ఒకటి, చెరువు వారీగా విడివిడిగా నడపడం. ఒక లాట్ (ఒకే నంబరు కింద నడిపే సరుకు) అయ్యాక లైను ఖాళీ చేసి, కడిగి, తర్వాతిది మొదలుపెట్టాలి. జాడ స్పష్టంగా ఉంటుంది, టైము పోతుంది. రెండోది, కలిసిందని నిజాయితీగా ఒప్పుకుని, ఆ షిఫ్టులో వాడిన చెరువులన్నిటినీ ఆ లాట్‌కు తల్లులుగా రాయడం. ఇదీ సరైన పద్ధతే, కానీ ఒక్క చెరువుకు పాజిటివ్ వస్తే షిఫ్టు సరుకంతా ఆపాలి. యూరప్ ఆర్డర్లకు మొదటిది, మిగతావాటికి రెండోది పెట్టుకోవడం ఆచరణలో నడిచే రాజీ అని నా అభిప్రాయం. రోజంతటి సరుకుకు ఒకే లాట్ నంబరు వేసే అలవాటు మాత్రం వెంటనే మానాలి.

కలిపారో లేదో తెలుసుకోవడానికి లెక్క ఉంది. కిలోల్లో కాదు, పిల్లల సంఖ్యలో చూడాలి. ఒక చెరువులో బోనస్‌తో కలిపి 2.5 లక్షల సీడ్ వేశారనుకుందాం. మధ్యలో 100 కౌంట్ (కిలోకు 100 రొయ్యలు) దగ్గర 800 కిలోలు తీశారు, అంటే 80 వేల రొయ్యలు. చివర్లో 50 కౌంట్‌కు 3,600 కిలోలు, అంటే 1.8 లక్షలు. మొత్తం 2.6 లక్షలు. వేసిన దానికంటే ఎక్కువ! విడిగా చూస్తే రెండు పట్టుబడుల్లోనూ అనుమానించాల్సిందేమీ లేదు. కలిపి చూస్తే పక్క చెరువు రొయ్య ఈ పేరు మీద వచ్చిందని తెలిసిపోతుంది. వేసిన సీడ్‌లో ఎంత శాతం బతకడం మీ ప్రాంతంలో మామూలో చూసి, దానికి కాస్త పైన హెచ్చరిక గీత పెట్టండి.

ప్లాంటు లోపలా ఇదే లెక్క నడుస్తుంది. తల తీస్తే మూడో వంతుకు పైగా తూకం పోతుంది. మీ సొంత దిగుబడి శాతాలు సైజు వారీగా తీసి పెట్టుకుంటే, లోపలికి వచ్చిన రొయ్యకూ బయటికి వెళ్లినదానికీ పొంతన చూడొచ్చు. నీళ్లు పట్టిన బరువూ, గ్లేజింగ్ (పైన పట్టించే ఐసు పొర) బరువూ తీసేసి నికర తూకమే రాయాలి. ఇంకో మాట: గట్టు మీద కౌంట్ కిలోకు లెక్క, ఎగుమతి కార్టన్ మీద 31/40 లాంటి సైజు పౌనుకు లెక్క. ప్రోగ్రామర్‌కు ఇది ముందే చెప్పకపోతే లెక్కలన్నీ తలకిందులవుతాయి.

6. ఇప్పుడు చెయిన్ సంగతి

ఇలాంటి పనికి అందరూ చేరగలిగే పబ్లిక్ చెయిన్ కంటే, అనుమతి ఉన్నవాళ్లే చేరే చెయిన్ నప్పుతుంది. హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ ఇందులో ఎక్కువగా వాడేది, ఉచిత సాఫ్ట్‌వేర్. వాల్‌మార్ట్ ప్రయోగంలో వాడిన ఐబీఎం ఫుడ్ ట్రస్ట్‌ను దాని మీదే కట్టారు.

సాఫ్ట్‌వేర్ కంటే ముఖ్యమైన ప్రశ్న, నోడ్‌లు (రికార్డు కాపీ ఉంచే కంప్యూటర్లు) ఎవరి దగ్గరుంటాయి? నాలుగు నోడ్‌లూ ప్లాంటు వారి సర్వర్ గదిలోనే ఉంటే అది ఖరీదైన డేటాబేస్, అంతే. ప్లాంటు, ల్యాబ్, రైతుల సంఘం, బయ్యర్ — కనీసం ఇంతమంది వేర్వేరు చేతుల్లో ఉండాలి. ఫ్యాబ్రిక్‌లో వరస నిర్ణయించే నోడ్‌లు రాఫ్ట్ పద్ధతిలో మూడుంటే ఒకటి పడిపోయినా పని ఆగదు, ఐదుంటే రెండు పడినా ఆగదు. కానీ రాఫ్ట్ చెడిపోయిన మిషన్లను తట్టుకుంటుంది, మోసం చేసే మిషన్లను కాదు. ఆ రెండో రక్షణ కావాలంటే ఫ్యాబ్రిక్ 3.0 నుంచి వచ్చిన పద్ధతి చూడండి.

ఇంత ఏర్పాటు మీ స్థాయికి బరువైతే తేలిక దారి ఒకటుంది. రికార్డులు మామూలు డేటాబేస్‌లోనే ఉంచండి. రోజూ రాత్రి ఆ రోజు రికార్డులన్నిటి నుంచి ఒకే హ్యాష్ (కింద చెప్పిన గుర్తు) తీసి, దాన్ని ఏదైనా పబ్లిక్ చెయిన్ మీద రాయండి, బయ్యర్‌కూ మెయిల్ చేయండి. రేపు ఎవరైనా పాత రికార్డు దిద్దితే హ్యాష్ కుదరదు, దొరికిపోతారు. చిన్న ప్లాంట్లకు నేను మొదట సూచించేది ఇదే.

హ్యాష్ అంటే ఏ ఫైలు నుంచైనా లెక్కగట్టి తీసే స్థిరమైన పొడవున్న గుర్తు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాలు. రిపోర్టులో ఒక్క అంకె మార్చినా గుర్తు మొత్తం మారిపోతుంది. పీడీఎఫ్‌లూ, ఫొటోలూ చెయిన్ మీద పెట్టకండి, వాటి హ్యాష్‌లు మాత్రమే పెట్టండి.

రైతు ఆధార్, ఫోన్ నంబరు, రేటు ఇవేవీ చెయిన్ మీదకు రాకూడదు. రాస్తే తుడవలేం. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తుడవమని అడిగే హక్కు ఆయనకు రాసి ఉంది. ఫోన్ నంబరు హ్యాష్ చేసి పెడితే సరిపోతుందనుకోవద్దు. పది అంకెల నంబర్లన్నీ వరసగా హ్యాష్ చేసి పోల్చి చూడటం కంప్యూటర్‌కు చిన్న పని. అలాంటివాటికి ముందు ఒక రహస్య సంఖ్య కలిపి, అప్పుడు హ్యాష్ తీయాలి. రేట్లు ఇతర కంపెనీల కంటపడకుండా ఫ్యాబ్రిక్‌లో ప్రైవేట్ డేటా సౌకర్యం వాడొచ్చు.

7. గట్టు మీద పనిచేసే యాప్

పట్టుబడి తెల్లవారుజామున జరుగుతుంది. చీకటి, తడి చేతులు, సిగ్నల్ ఉండదు, బండి డ్రైవరు తొందరపెడతాడు. ఆ సమయంలో పన్నెండు గళ్ల ఫారం నింపమంటే ఎవరూ నింపరు. సాయంత్రం ఇంటికెళ్లి గుర్తున్నంత రాస్తారు. కాబట్టి యాప్ సిగ్నల్ లేకపోయినా పనిచేయాలి, తెలుగులో ఉండాలి, కాటా నుంచి తూకం నేరుగా రావాలి. కాగితపు క్యూఆర్ లేబుల్ ఐసు నీళ్లలో గంట కూడా నిలవదు. క్రేటుకు బిగించే ప్లాస్టిక్ ట్యాగు తీసుకోండి.

తప్పులు పడతాయి. తుడిచే బటన్ ఉండకూడదు, ‘సవరణ’ ఉండాలి. పాతది కనబడుతూనే కొత్తది, కారణంతో సహా చేరాలి. ప్రతి నమోదుకు రెండు సమయాలుండాలి: పని జరిగిన సమయం, రాసిన సమయం. ఆడిట్ ముందురోజు రాత్రి రెండు నెలల రికార్డులు ఒకేసారి ఎక్కితే ఆ రెండో సమయమే బయటపెడుతుంది.

8. స్మార్ట్ కాంట్రాక్టులకు కొన్ని నియమాలే ఇవ్వండి

స్మార్ట్ కాంట్రాక్టు అంటే షరతు చూసి తనంతట తానే నడిచే ప్రోగ్రామ్. ల్యాబ్ సంతకం చేసిన పీహెచ్‌టీ లేని పంట యూరప్ లాట్‌లో చేరకూడదు. శాంపిల్ తేదీకీ పట్టుబడికీ మధ్య మీరు పెట్టుకున్న గడువు దాటకూడదు. పిల్లల లెక్క హెచ్చరిక గీత దాటితే సరుకు ‘ఆపు’లోకి వెళ్లాలి. ఆపడం వరకే ప్రోగ్రామ్ పని. విడుదల చేయాలా, తిప్పిపంపాలా అన్నది క్వాలిటీ మేనేజరు పేరు పెట్టి, కారణం రాసి తేల్చాలి. డబ్బు చెల్లింపులు కూడా ఆటోమేటిక్‌గా కలిపేయమని సలహా ఇస్తారు. మొదటి ఏడాది వద్దు.

9. రైతుకు ఏం మిగులుతుందో ముందే చెప్పండి

ఇంత పని చేసి కిలోకు రూపాయి ఎక్కువ రాకపోతే రెండో పంటకు రికార్డులు కాకిలెక్కలవుతాయి. అదనపు ధర ఎంతో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయన పంట చరిత్ర ఆయనకే ఇవ్వండి, బ్యాంకు లోనుకు చూపించుకోవచ్చు. పాజిటివ్ వస్తే ఏం జరుగుతుందో కూడా అప్పుడే చెప్పాలి. ‘మళ్లీ నీ దగ్గర కొనం’ అనేదే మీ విధానమైతే, అనుమానం ఉన్న రైతు శాంపిల్ ఇవ్వకుండా వేరే ఏజెంటుకు అమ్మేస్తాడు, ఆ రొయ్య మన ఊరి మార్కెట్‌కే వస్తుంది. ప్యాకెట్ ఫొటోలు పెట్టి, ముందే చెప్పిన రైతును శిక్షించకుండా కారణం వెతకడంలో తోడుండే ఒప్పందం కావాలి.

10. ఉత్తుత్తి రీకాల్ (సరుకు వెనక్కి రప్పించడం) చేసి చూడండి

కోల్డ్ స్టోరేజీలో కళ్లు మూసుకుని ఒక కార్టన్ తీయండి. గడియారం పెట్టుకుని చెరువుల దాకా వెనక్కి వెళ్లండి. తర్వాత ఒక చెరువు ఎంచుకుని ముందుకు రండి. దాని రొయ్య ఉన్న కార్టన్లన్నీ జాబితాలో రావాలి, ఆ తర్వాత గోదాములోకి వెళ్లి అవి నిజంగా అక్కడున్నాయో చూడాలి. ఈ చివరి నడక మానేస్తే పరీక్ష చేయనట్టే. మామిడి ముక్కల ప్యాకెట్ ఎక్కడిదో కనుక్కోవడానికి వాల్‌మార్ట్‌కు దాదాపు ఏడు రోజులు పట్టేదనీ, బ్లాక్‌చెయిన్‌తో 2.2 సెకన్లు పట్టిందనీ ప్రతి ప్రజెంటేషన్‌లో చూపిస్తారు. ఆ సెకన్లు నిజమే. దాని వెనక తోట నుంచి స్టోర్ దాకా ప్రతి ఒక్కరూ ముందుగానే రాసిపెట్టిన శ్రమ ఉంది, స్లైడ్ మీద అది కనబడదు.

మొదటి పంటకు ఒకే ప్లాంటు, ఒకే ఉత్పత్తి, కొద్ది చెరువులతో మొదలుపెట్టండి. పాత పుస్తకాలు ఆపకండి. రెండూ సమాంతరంగా నడిపి, తేడా ఎక్కడొస్తోందో చూసి, ఆ చోటే బాగుచేయండి. వరసగా కొన్ని ఉత్తుత్తి రీకాల్స్ సరిగ్గా వచ్చాకే చెరువులు పెంచండి.

సాఫ్ట్‌వేర్ కంపెనీతో సంతకం పెట్టే ముందు, మేం మానేసినా మీరు మూతపడినా మా డేటా మొత్తం ఏ రూపంలో, ఎన్నాళ్లలో మా చేతికొస్తుందని అడగండి. మెర్స్క్, ఐబీఎం అంతటివాళ్లు కలిసి పెట్టిన ట్రేడ్‌లెన్స్ షిప్పింగ్ బ్లాక్‌చెయిన్‌నే 2022 నవంబరులో ఆపేస్తున్నట్టు ప్రకటించి, 2023 తొలి నెలల్లో మూసేశారు. జవాబు నోటిమాటగా కాక ఒప్పందంలో ఒక క్లాజుగా ఉండాలి. డేటా ఈపీసీఐఎస్ రూపంలో ఇస్తామని కూడా అందులోనే రాయించుకోండి.